885 అడుగులు తెలుసు, మునిగిన ఊరి పేరు తెలీదు

శ్రీశైలం నీటిమట్టం ఎంత?

ఆగస్టు నెలలో ఎవర్నడిగినా టక్కున చెప్తారు. నిండుమట్టం 885 అడుగులని బడి పిల్లాడికి కూడా తెలుసు. ఇన్‌ఫ్లో ఎంత, ఔట్‌ఫ్లో ఎంత, పన్నెండు గేట్లలో ఎన్ని లేపారు, ఎన్నడుగుల ఎత్తు లేపారు, అన్నీ మీకు నోటికి వచ్చు. గేట్లెత్తిన రోజు ఘాట్‌ రోడ్డు మీద కార్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి. అందరికీ ఆ తెల్లటి నురగ ముందు ఒక ఫొటో కావాలి.

సరే. ఆ నీళ్ల అడుగున ఉన్న ఊళ్లలో ఒక్క ఊరి పేరు చెప్పండి.

ఒక్కటంటే ఒక్కటి.

రాదు కదూ? జటప్రోలు. సోమశిల. మంచాలకట్ట. కూడవెల్లి. సంగమేశ్వరం. ఇట్లాంటివి వందకు పైగా ఉన్నాయి. నదికి అటు పాలమూరు, ఇటు కర్నూలు. లక్ష మంది దాకా మనుషులు. తెలుగు మాట్లాడే మనుషులు. మీకూ నాకూ చుట్టాలయ్యే మనుషులు. వాళ్ల వాకిళ్ల మీద, కళ్లాల మీద, వల్లకాళ్ల మీద ఇవాళ నిలబడి ఉన్న నీటినే మీరు అడుగుల్లో కొలిచి సంబరపడుతున్నారు.

1981 జూన్‌లో ఆ ఇళ్లు కూలగొట్టించారు. సర్కారు ఆ పనికి ‘ఆపరేషన్‌ డిమాలిషన్‌’ అని పేరు పెట్టుకుంది. సొంత జనం మీదికి వెళ్తూ పెట్టుకున్న పేరు అది! వానలు మొదలయ్యే నెల. పిల్లల్ని, ముసలివాళ్లను, గొడ్డూ గోదను, తిండిగింజల్ని పెట్టుకుని ఆ జనం ఎక్కడికి పోవాలో ఎవరైనా ఆలోచించారా? ఆ నెలలో హైదరాబాదులో ఎవరి నిద్రయినా చెడిందా?

ఇంకో సంగతి చెప్తాను. ఇది వింటే అయినా రోషం రావాలి మీకు.

అదే ముంపులో గుళ్లు కూడా ఉన్నాయి. చాళుక్యుల నాటి గుళ్లు. వాటిని కాపాడాలని ప్రభుత్వం తీర్మానించుకుంది. మంచి పనే. నేను కాదనను. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, ప్రతి రాయికీ అంకె వేసి, ఆలంపురానికి తరలించి, అంకె ప్రకారం మళ్లీ పేర్చారు. సోమశిల గుళ్లను మిట్టమీదికి చేర్చారు. ఏ రాయి ఎక్కడిదో, దాని మీద ఏ రాయి రావాలో అన్నిటికీ రికార్డు ఉంది. ఈ రోజు వెళ్లి చూడండి, ఆ గుడి ఆలంపురంలో చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

మరి మనుషులకు అంకెలెవరు వేశారు?

ఏ ఇంటివాళ్లు ఏ గుట్టెక్కారు, ఏ కుటుంబం ఏ బస్తీలో తేలింది, ఏ రైతు ఏ నగరంలో అడ్డా మీద కూలికి నిలబడ్డాడు, ఆ రికార్డు ఏ కచేరీలో ఉంది? అంత ఓర్పుగా రాళ్లను మోసిన రాజ్యానికి, ఆ రాళ్లకు రోజూ దీపం పెట్టిన మనిషిని మోసే ఓపిక లేకపోయిందా? రాతిని విప్పి మళ్లీ కట్టే విద్య మన దగ్గర ఉంది. ఊరిని మళ్లీ కట్టే పనికి మాత్రం చేతులు రాలేదు.

1986లో జీవో 98 వచ్చింది. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని రాసిచ్చారు. ఎవరూ అడుక్కున్నది కాదు అది. భూమి తీసుకున్న సర్కారు తన చేత్తో రాసిచ్చిన మాట. కొందరికి వచ్చాయి. చాలామంది కాగితాలు పట్టుకుని తిరుగుతూ ఉండిపోయారు. జీవో వచ్చేనాటికి ఇరవై అయిదేళ్లున్న కుర్రాడు ఇవాళ ఏం చేస్తున్నాడో తెలుసా? కొలువులో చేరకుండానే రిటైరయ్యే వయసు దాటేశాడు. ఇప్పుడు ఆ కాగితం కొడుకు చేతిలో ఉంది. కొడుకు కూడా ముసలివాడయ్యేదాకా ఆగుదామా?

తహశీల్దారు దగ్గరికి పొమ్మంటారు. అక్కడికి పోతే కలెక్టరాఫీసు అంటారు. అక్కడికి పోతే నీటిపారుదల శాఖ అంటారు. ఆ పాత ఫైలు కర్నూల్లో ఉందేమో చూసుకోమంటారు. ఇంతలో రాష్ట్రం రెండయింది.

ఇక అడగండి, ఎవర్నడుగుతారో.

2014 జూన్‌ 2 నుంచి కృష్ణ సరిహద్దయింది. తుంగభద్ర వచ్చి కలిసే చోటు మొదలుకుని పులిచింతల దాకా ఒక ఒడ్డు తెలంగాణ, ఇంకో ఒడ్డు ఆంధ్ర. ముంపు నాడు ఒకే గవర్నమెంటు. ఒకే జీవో. ఒకే నది. ఇప్పుడు ఉత్తరపు గట్టు వాడి గోడు హైదరాబాదు వినాలి, దక్షిణపు గట్టు వాడి గోడు అమరావతి వినాలి. రెండు రాజధానులు పుట్టాయి. వినే చెవి ఒక్కటైనా పుట్టిందా?

నీళ్ల మాట ఎత్తండి, చెవులు ఎంత చురుగ్గా పనిచేస్తాయో చూడండి. కృష్ణలో రెండు రాష్ట్రాలకూ కలిపి 811 టీఎంసీలు. ఆంధ్రకు 512, తెలంగాణకు 299. శ్రీశైలం నీళ్లను సీమకు మళ్లించే పోతిరెడ్డిపాడుకు 11,500 క్యూసెక్కులా, 44,000 క్యూసెక్కులా, 80,000 క్యూసెక్కులా. ఒక్క అంకె అటూ ఇటూ కానివ్వరు. ట్రిబ్యునళ్లు, బోర్డులు, సుప్రీంకోర్టు, ఢిల్లీ మీటింగులు. టీవీలో రాత్రి తొమ్మిదింటికి గొంతులు చించుకునే చర్చలు. శ్రీశైలంలో ఎండకు ఆవిరైపోయే నీటికి కూడా బచావత్‌ ట్రిబ్యునల్‌ 33 టీఎంసీలు లెక్క కట్టింది.

ఆవిరికి కేటాయింపు ఉంది. ఊరు పోగొట్టుకున్నవాడికి ఎన్ని టీఎంసీలు?

చెప్పండి. రెండు రాష్ట్రాల ఇంజనీర్లలో, లాయర్లలో, మంత్రుల్లో ఎవరైనా సరే, ఆ కాలమ్‌ ఎక్కడుందో చూపించండి.

2023 నవంబరు 30న తెలంగాణలో పోలింగ్‌. ఆ తెల్లవారుజామునే ఆంధ్రా పోలీసులు నాగార్జునసాగర్‌ డ్యామ్‌ మీదికి వచ్చారు. పదమూడో గేటు దగ్గర ముళ్లకంచె లేచింది. రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. తర్వాత సీఆర్‌పీఎఫ్‌ దిగింది. మీరు ఫోన్లలో ఆ వీడియోలు చూశారు. మనవాళ్లు గట్టిగా నిలబడ్డారని ఇటువాళ్లు, మనవాళ్లే నెగ్గారని అటువాళ్లు చప్పట్లు కొట్టారు.

ముళ్లకంచె రాత్రికి రాత్రి వేయగలిగారు.

వంతెన సంగతేమిటి?

2007 జనవరి. సంక్రాంతి వెళ్లిన రోజులు. సింగోటం లక్ష్మీనరసింహస్వామి జాతర వేళ. మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగింది. అరవై మంది దాకా చనిపోయారు. జాతరకు కట్టుకున్న కొత్తబట్టలతో చనిపోయారు. ఆ ఒడ్డు పిల్లనిచ్చిన ఊరు, ఈ ఒడ్డు పుట్టిల్లు. ఒకప్పుడు వేసవిలో నది సన్నబడితే మనుషులు నడిచి దాటినచోట, ఆనకట్ట కట్టి సముద్రమంత నీళ్లు నిలిపింది మనమే. నడకదారిని ముంచింది మనమే. ముంచినప్పుడు వంతెన వేయాలని మనకెందుకు తోచలేదు? రోడ్డు మీద పోవాలంటే కర్నూలు మీదుగా చుట్టూ తిరిగిపోవాలి. కూలి చేసుకునేవాడు, చంటిపిల్లతో ఉన్న తల్లి, పండగకు పోయే ముసలమ్మ చుట్టూ తిరిగి పోగలరా? పడవే గతి. ఆ పడవలో ఎంతమంది ఎక్కాలో చెప్పే మనిషి రేవులో లేడు.

సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వెయ్యీ ఎనభై రెండు కోట్లతో తీగల వంతెన వేస్తామని కేంద్రం ప్రకటించింది 2022 అక్టోబరులో.

పడవ మునిగింది 2007లో.

పదిహేనేళ్లు!

పోనీ, ఆ ప్రకటన వచ్చిన రోజు మనం ఏం మాట్లాడుకున్నాం? గాజు నడకదారి ఎంత బాగుంటుందో మాట్లాడుకున్నాం. హైదరాబాదు నుంచి తిరుపతికి ఎన్ని కిలోమీటర్లు కలిసొస్తాయో లెక్క వేసుకున్నాం. వంతెన బొమ్మను వాట్సాప్‌లో పంచుకున్నాం. ఆ నీళ్లలోంచి అరవై శవాలు తీశారని ఎవరికైనా గుర్తొచ్చిందా? మీ తిరుపతి ప్రయాణం తగ్గుతుందంటే తప్ప ఆ ఒడ్డు మనుషులకు వంతెన రాదా? వాళ్ల ప్రాణానికి సొంతంగా విలువ లేదా?

“పాతసంగతి కదండీ” అంటారు మీరు. నాకు బాగా తెలుసు ఆ మాట. పాతదట. ఏది పాతది? వినండి అయితే. ఊళ్లు ముంచారు, పునరావాసమని ప్లాట్లు గీసి బతుకుతెరువు చూపకుండా వదిలేశారు, భూమి పోయినవాడికి భూమి ఇవ్వకుండా డబ్బు చేతిలో పెట్టి అది కరిగిపోతుంటే చూస్తూ ఉన్నారు, ఇంటికో కొలువని రాసి ఆ రాతను బీరువాలో పెట్టి తాళం వేశారు, కృష్ణ ఒడ్డునే ఉన్న పాలమూరును దేశంలో ఎక్కడ ప్రాజెక్టు కడితే అక్కడ మట్టి మోసే కూలీల జిల్లాగా మార్చారు, తుంగభద్ర పక్కనే ఉన్న కోసిగి, మంత్రాలయం పల్లెల్ని పిల్లాజెల్లాతో సహా గుంటూరు మిరపచేలకు వలస తోలారు, సాగర్‌ కూతవేటులో ఉన్న నల్గొండ బిడ్డల ఎముకలు ఫ్లోరైడు నీళ్లతో వంకర్లు తిరిగిపోతుంటే దశాబ్దాల పాటు సర్వేలు రాసుకుంటూ కూర్చున్నారు, 308 టీఎంసీలు పట్టాల్సిన శ్రీశైలం పూడిక నిండి 215కు దిగిపోతే ఆ పూడికను వదిలేసి మిగిలిన నీళ్ల కోసం కొట్టుకున్నారు, 19 లక్షల క్యూసెక్కులకు లెక్కగట్టిన ఆనకట్ట మీదికి 2009 అక్టోబరులో 25 లక్షలు విరుచుకుపడి కర్నూలూ ఆలంపురమూ నీళ్లపాలైతే నాలుగు రోజులు పులిహోర పొట్లాలు పంచి ఆ పాఠం మూసేశారు, ఆనకట్ట పాదాల దగ్గర వరద తవ్విన గోతి మీద కమిటీల వెంట కమిటీలు వేసి ఏళ్లకేళ్లు గడిపారు, 2020 ఆగస్టులో ఎడమగట్టు భూగర్భ విద్యుత్‌ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది పొగకు ఉక్కిరిబిక్కిరై చనిపోతే పది రోజుల్లో మరిచిపోయారు, దోమతెరంత సన్నటి కళ్ల అలివి వలలతో చేపపిల్లల్ని కూడా ఊడ్చేస్తుంటే పుట్టి మీద బతికే చిన్న జాలరి నెత్తిన చేతులు పెట్టుకున్నా కళ్లు మూసుకున్నారు, నల్లమలలో నదికి రెండు పక్కలా బతికే చెంచులకు అడవిని రెండు రాష్ట్రాల పులుల అభయారణ్యాలుగా పంచేసి వాళ్లను మాత్రం ఏ పక్కా తమవాళ్లుగా లెక్కేసుకోలేదు, దిగువన డెల్టా పంటల కోసం పులిచింతల కట్టి అవతలి ఒడ్డున నెమలిపురి, చింత్రియాలను ముంచారు, ఇంత జరిగాక పన్నెండేళ్లకోసారి అదే నదికి పుష్కరాలని ఇద్దరూ పోటీపడి ఘాట్లు కట్టి, షవర్లు పెట్టి, హారతులిచ్చి, ఆ ఘాట్ల మెట్లు దిగితే కాలికి తగిలేది ఎవరి ఇంటి గోడో అడగకుండా మూడు మునకలు వేసి ఇంటికి పోయారు.

ఇందులో ఏది పాతది? ఏది తీరిపోయింది?

హైదరాబాదులో ఉన్నారా మీరు? అయితే ఇంకో మాట.

మీ కుళాయిలో వచ్చే నీళ్లు ఎక్కడివి? చాలావరకు కృష్ణవి. మూడు దశల పథకం, రోజుకు 270 మిలియన్‌ గ్యాలన్లు. నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, సాగర్‌ వెనకనీళ్లను పైకి తోడి, పైపుల్లో మీ ఇంటిదాకా తెస్తున్నారు. కరెంటు ఖర్చు, మోటార్ల ఖర్చు అన్నీ పెట్టి తెస్తున్నారు. పొద్దున్నే మీలో చాలామంది పళ్లు తోముకునేది ఆ నీటితోనే.

వాడుకున్నాక ఏం చేస్తున్నారు?

మూసీలోకి వదులుతున్నారు. బాత్రూముల మురుగు, ఆసుపత్రుల కడుగు, ఫ్యాక్టరీల రసాయనం అన్నీ కలిపి వదులుతున్నారు. ఆ మూసీ యాదాద్రి, సూర్యాపేట, నల్గొండ పొలాల మీదుగా నల్లగా నురగలు కక్కుకుంటూ పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పై నుంచి తెచ్చుకున్న నీటికి మనం కిందికి పంపే బదులు అది. ఆ సంగమం ఎదుట పల్నాడు. ఆ కింద పులిచింతల. ఆ కింద ప్రకాశం బ్యారేజీ. విజయవాడ కుళాయిల్లోకి వచ్చేది ఆ బ్యారేజీ నీళ్లే.

నీళ్ల వాటా కోసం సుప్రీంకోర్టు మెట్లెక్కిన రెండు ప్రభుత్వాలు, ఈ మురుగు వాటా ఎవరిదని ఎన్నిసార్లు తేల్చుకున్నాయి? టీఎంసీ తగ్గితే ఒంటికాలి మీద లేచే నాయకుడు, తాగే నీళ్లలో మురుగు కలుస్తుంటే ఎందుకు లేవడు? మనం అడగం కాబట్టి. మన వాటా దొంగిలించారంటే మన రక్తం ఉడుకుతుంది. మనమే పాడుచేశామంటే ఎందుకు ఉడకదు?

చెన్నైలో ఉన్న తెలుగువాళ్లకు కూడా చెప్తున్నా. మీ నగరానికి తాగునీళ్ల కోసం మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా 5 టీఎంసీలిస్తామని 1970ల్లోనే ఒప్పుకున్నాయి. తెలుగుగంగ అని గొప్పగా చెప్పుకుంటారు. ఆ నీళ్లు కూడా ఈ మునిగిన ఊళ్ల మీది నుంచే వస్తాయి. దప్పికతో ఉన్న నగరానికి నీళ్లివ్వడం న్యాయమే, ఒక్క మాట అననంటే అనను. ఇల్లిచ్చినవాడు ఇంకా పరిహారం కాగితం పట్టుకుని ఎందుకు తిరుగుతున్నాడో చెప్పమంటున్నా.

వేసవిలో ఒకసారి వెళ్లండి. గేట్లెత్తే రోజున వెళ్లొద్దు, మే నెలలో వెళ్లండి. జలాశయం వెనక్కి తగ్గిపోయి ఉంటుంది. ఎండిన ఒండ్రు నెర్రెలిచ్చి ఉంటుంది. సంగమేశ్వరం గుడి బయటపడి ఉంటుంది, ఏడాదిలో కొన్నాళ్లు మాత్రమే పూజలందుకునే గుడి. పక్క ఊళ్ల గోడల మొదళ్లు, బావి గట్లు, రచ్చబండ రాళ్లు కనపడతాయి. ముంపు రైతులు కొందరు ఆ ఒండ్రులోనే, తమదే అయిన భూమిలో, నీళ్లు తిరిగి వచ్చేలోగా దొరికినంత పంట తీసుకుందామని విత్తనం చల్లుతుంటారు. ఆ భూమి కాగితాల్లో వాళ్లది కాదు. వరద ముందుగా వస్తే పంట మునుగుతుంది. బీమా రాదు, నష్టపరిహారం రాదు. సొంత పొలంలో దొంగల్లా సేద్యం చేసుకుంటున్నారు.

ఆ వరద ముందుగా వచ్చిన రోజే మీరు పండగ చేసుకుంటారు. “ఈసారి జులైలోనే నిండిందట” అని.

మీ సంతోషం తప్పని అనడం లేదు. నీళ్లు రావాలి, పొలాలు పండాలి. ఆ సంతోషంలో ఒక్కసారైనా మెడ తిప్పి చూశారా అని అడుగుతున్నా. ఎగువన రైతు పంట పోతేనే దిగువన రైతు నాటు పడేటట్టు మనం కట్టుకున్నాం ఈ ఏర్పాటు. కట్టుకున్నవాళ్లం పూచీ పడొద్దా? నష్టమంతా ఆ ఒడ్డుకే రాసిపెట్టి ఉందా?

“కోర్టులో ఉంది కదా.” ఉద్యోగాల సంగతి అడిగితే ఈ మాట. “రెండు రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకోవాలి కదా.” వంతెన గురించి అడిగితే ఈ మాట. “మనమేం చేయగలం?” మూసీ గురించి అడిగితే ఈ మాట. మన నోటికి అలవాటైన మూడు మాటలివి. వీటితోనే నలభై ఏళ్లు వెళ్లదీశాం. చీమ కుట్టినట్టు కూడా లేదు మనకు.

ఏం చేయగలమా? అడగగలం. వచ్చే ఆగస్టులో మీ మంత్రి పట్టుచీర, పసుపు కుంకుమ తీసుకుని శ్రీశైలం డ్యామ్‌ మీద జలహారతికి వస్తాడు. అటు మంత్రి అయినా, ఇటు మంత్రి అయినా. మైకులు ముందు పెడతారు. విలేకరులు నీటిమట్టం అడుగుతారు. మీరు జీవో 98 జాబితా అడగండి. ఎంతమంది మిగిలారు, ఎప్పటికి ఇస్తారు, తేదీ చెప్పమనండి. వాడపల్లి దగ్గర కలిసే మూసీ నీటి పరీక్ష ఫలితాలు ప్రతి నెలా రెండు ఒడ్ల ఊళ్లలో గోడకు అతికించమనండి. మునిగిన ప్రతి ఊరి పేరు, అక్కడినుంచి లేచిపోయిన ప్రతి కుటుంబం పేరు డ్యామ్‌ దగ్గరే రాయించమనండి, మీరు ఫొటో దిగే చోటే. అవతలి రాష్ట్రాన్ని తిట్టి తప్పించుకుంటే, అవతలి రాష్ట్రంలో కూడా ఇదే ప్రశ్న అడిగేవాళ్లు ఉన్నారని చెప్పండి. ఉండాలి. అటువాళ్లూ అడగాలి.

అన్నిటికంటే ముందు రేవుల సంగతి చూడమనండి. దానికి ట్రిబ్యునల్‌ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు, వెయ్యి కోట్లు అక్కర్లేదు. పడవకు ఇంతమందే అని గట్టిగా చెప్పే ఒక మనిషి, ఎక్కిన ప్రతి ఒక్కరికీ ఒక లైఫ్‌ జాకెట్‌, ఏడాదికోసారి పడవ అడుగుచెక్క చూసే ఒక ఇన్‌స్పెక్టరు, ఇంతే. సింగోటం జాతర మళ్లీ సంక్రాంతి వెనకాలే వస్తుంది. రెండు ఒడ్ల జనం మళ్లీ పిల్లల్ని చంకనేసుకుని రేవుకు వస్తారు.

ఈసారి ఆ పడవలో ఎంతమంది ఎక్కుతున్నారో లెక్కపెట్టేది ఎవరు?